విఠల్ కాక టేపులో గంట

నిన్న కంగ్టి దగ్గరి మా సబ్‌సెంటర్‌లో ఒక ఎనిమిదో నెల గర్భిణి పొట్ట మీద డాప్లర్ మిషన్ పెట్టాను. అరచేతిలో ఇమిడే మిషన్ అది. పెట్టగానే ముందు సుయ్యిమని ఉత్త గాలిచప్పుడు వస్తుంది. ఆ గాలిలోంచి బిడ్డ గుండె తేలేదాకా గదిలో ఎవరూ ఊపిరి పీల్చరు. నిన్న కాస్త ఆలస్యమైంది. పడుకున్న పిల్ల నా ముఖాన్నే చూస్తోంది. గుమ్మంలో నిలబడ్డ అత్త ఊరుకోలేక, "మంచిగనే ఉన్నదని చెప్పు సిస్టరమ్మా, పిల్ల పరేషాన్ అయితున్నది" అంది. "ఇంకా వినబడ్తలేదు. వినబడ్డంక చెప్త" అన్నాను. కాస్త కటువుగానే అన్నానేమో, ఆమె ముఖం మాడ్చుకుంది. మిషన్‌ను బొడ్డు కిందికి, తర్వాత ఎడమకు జరిపాను. అక్కడ దొరికింది. టకటకమని, ఎవరో తరుముతుంటే పరిగెత్తుతున్నట్టు. అప్పుడు చెప్పాను. వాళ్లు వెళ్లిపోయాక మిషన్ ఆపకుండా కాసేపు ఆ ఉత్త గాలినే వింటూ కూర్చున్నాను. ఆ సుయ్యిమనే చప్పుడు నాకు పాతదే. నారాయణఖేడ్‌లో ఒక రేకుల దుకాణంలో, ఒక టేపు మొదట్లో, ఎన్ని వందలసార్లు విన్నానో చెప్పలేను.

నాకు వినడం నేర్పింది డాక్టరూ కాదు, ట్రైనింగులో పాఠం చెప్పిన మేడమూ కాదు. రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే విఠల్ కాక. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునే మనిషి కాదు. పొట్టి మనిషి, చెవి వెనక పెన్సిలు, ఒక కాడ విరిగి దారంతో కట్టుకున్న కళ్లద్దాలు, చొక్కా మీద సోల్డరింగు నిప్పురవ్వలు పడి కాలిన చిల్లులు. రెండువేల ఒకటిలో నేను ఇంటర్‌లో ఒక సబ్జెక్టు పోగొట్టుకుని, మా మేనమామ బస్టాండు దగ్గర పెట్టిన ఎస్టీడీ బూత్‌లో కూర్చునేదాన్ని. కాక దుకాణం మా గోడకు ఆనుకుని ఉండేది. మా నాయిన అప్పటికి ఏడాది కింద సిర్గాపూర్ నుంచి కూలిపనికి హైదరాబాద్ పోయి, ఒక్క ఫోన్ కూడా చేయలేదు. ఊరి వాళ్లందరికీ ఫోన్లు కలిపి ఇచ్చే నేను, నాకు రాని ఫోన్ కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని. అందుకే నాకు మహా కోపం ఉండేది, ఎవరి మీదో తెలియని కోపం. అటువంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం గోడ అవతల నుంచి ఆ పాట మొదలైంది.

దాన్ని పాట అనవచ్చో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. క్యాసెట్ మీది పేరు చేతి చెమటకు ఎప్పుడో చెరిగిపోయింది. ఇంగ్లీషు వాళ్లది, మేము పుట్టకముందుది, అంతవరకే కాకకూ తెలుసు. ఒకవైపంతా ఒకటే పాట. మొదట గాలి. ఆ గాలి కిందనుంచి ఆర్గాను స్వరం ఒకటి లేచి, చాలాసేపు కదలకుండా నిలబడుతుంది. తర్వాత డ్రమ్ములు వస్తాయి గానీ, మన చేయి తాళం వేయబోతే ఒక దెబ్బ ఎక్కువో తక్కువో అవుతుంది. తర్వాత మాటల్లేకుండా ఆడవాళ్ల గొంతులు. అంతా పెరిగి పెరిగి ఇల్లు కూలుతుందేమో అన్నప్పుడు టక్కున ఆగిపోతుంది. ఏమీ ఉండదు. ఆ ఏమీ లేనిచోటును కాక 'ఖాళీ' అనేవాడు. ఆ ఖాళీలోంచి చాలా దూరాన, సన్నగా, ఒక గంట మోగుతుంది. ఆ గంట తర్వాత మళ్లీ అదే ఆర్గాను.

కాక ఆ క్యాసెట్‌ను సరదాకు వేసేవాడు కాదు. హైదరాబాద్ పాతబస్తీలో ఒక ఉస్తాద్ దగ్గర పన్నెండేళ్లు పనిచేసి, ఖేడ్‌కు తిరిగివచ్చేటప్పుడు ఆ ఉస్తాద్ చేతిలో పెట్టి పంపిన క్యాసెట్ అది. బాగుచేసిన ప్రతి టేపురికార్డర్‌లో దాన్ని వేసి చూడాలి. ఆర్గాను స్వరం వణికితే బెల్టు వదులైందని అర్థం. ఖాళీలో గుయ్యిమని మోత వస్తే లోపల కరెంటు సరిగా లేదని అర్థం. గంట వినపడకపోతే టేపును తాకే హెడ్డు వంకరగా ఉందని, దాని పక్కన ఉన్న చిన్న స్క్రూ తిప్పాలని అర్థం. ఒక పాటలో ఇన్ని పరీక్షలు. ఇది అందరు మెకానిక్కులూ ఏదో ఒక క్యాసెట్‌తో చేసేదే. కానీ మా కాక దగ్గర ఇంకో అలవాటు ఉండేది, అది నేను మరెక్కడా చూడలేదు. పాట మొత్తం అయ్యేదాకా గిరాకీని స్టూలు మీద కూర్చోబెట్టి వినిపించి, "ఏం వినబడ్డది?" అని అడిగేవాడు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు ఒక పొడుగాటి నోటుబుక్కులో పెన్సిలుతో రాసుకునేవాడు.

పాపం, వచ్చినవాళ్లు తమ టేపురికార్డర్ తీసుకుని బస్సుకు పోదామని తొందరలో ఉండేవారు. మనూర్ ఆటో నడిపే అతను ఒకడు సగం పాటకే లేచి, "కాకా, దీంట్ల మాటలెప్పుడొస్తయి? నేను మనూర్ పోయి మళ్లొచ్చేదాక గూడ రావు" అని నవ్వాడు. కాక నవ్వకుండా అదే రాసుకున్నాడు. కంగ్టి నుంచి వచ్చిన రైతు, "వాన పడేముందు కందిచేన్ల గాలి తిరిగినట్టున్నది" అన్నాడు. చెరుకు కొట్టడానికి పోతూ దారిలో ఆగిన ఒకామె, "బండ్లెక్కినంక ఊరు ఎన్కకు పోతున్నట్టు అనిపిచ్చింది" అంది. ఒక పెద్దమనిషి అయితే డ్రమ్ములు విని తన టేపు ఇంకా బాగుకాలేదని తగవు పెట్టుకున్నాడు: "తాళమే కుదుర్తలేదు, ఏం రిపేర్ చేసినవయ్యా నువ్వు? విప్పు, మళ్ల విప్పు!" అది కూడా నోటుబుక్కులో ఉంది. ఒక ముసలావిడ గంట దగ్గరికి వచ్చేసరికి కొంగు నోట్లో కుక్కుకుంది. "నా మ్యాకపిల్ల మెడగంట గిట్లనే ఉండె. గుట్టల తప్పిపోయింది. ఎటుపాయెనో, ఏమాయెనో" అని ఏడ్చింది. ఎన్నేళ్ల కింద తప్పిపోయిన మేకపిల్లో! కాక ఆమెకు నీళ్లిచ్చి, ఏడుపు తగ్గేదాకా కూర్చుని, తర్వాతే రాశాడు.

నా వంతు కూడా వచ్చింది. బూత్‌లో గిరాకీ లేని ఒక పూట పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టాడు. పాట అయిపోయాక "బాగుంది కాకా" అన్నాను. పెన్సిలు కదల్లేదు.

"బాగుంది అంటే ఏం రాయాలె? పెండ్లిల అన్నం గూడ బాగుంటది. నీకు ఏం వినబడ్డదో చెప్పు."

"ఏమో కాకా. నాకు తెల్వదు."

"తెలుసుడెందుకు? చెవులున్నయి గద."

నాకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే నోటికి వచ్చింది అనేశాను. "ఖాళీ తర్వాత గంట కాదు నాకు వినబడ్డది. ఎవరో లోపట తలుపేసుకొని, బయటోళ్లకు వినబడద్దని ఏడుస్తున్నట్టున్నది. మా అమ్మ గట్లనే ఏడుస్తది." అని, అన్నందుకు నాకే సిగ్గేసింది. కాక ఓదార్చలేదు, మా నాయిన ఊసెత్తలేదు. నేనన్న మాట ఒక్క అక్షరం వదలకుండా రాసి, కింద 'సువార్త, ఎస్టీడీ బూత్' అని నా పేరు పెట్టాడు. నా మాటను ఒకరు కాగితం మీద పెట్టడం అదే మొదలు. ఆ రోజు రాత్రి నాకు కంటినిండా నిద్రపట్టింది.

ఆ తర్వాత నాకు ఆ స్టూలు మీద కూర్చోవడం రోజూ పనైంది. అలా కూర్చుంటున్నప్పుడే ఒక సంగతి కనిపెట్టాను. పాట నడుస్తున్నంతసేపు కాక మిషన్ వైపు చూడడు. వినేవాడి ముఖం వైపే చూస్తాడు. మొదట ఆయనకు మనుషుల మీద ఉన్న మమకారం అనుకున్నాను. కానీ మా బూత్‌లో ఫోన్ మోగినా ఆయన తల తిప్పడు. విడిభాగాల కోసం హైదరాబాద్‌కు ఫోన్ చేయాలంటే నంబరు నాకిచ్చి, "నువ్వే మాట్లాడు బిడ్డా, నాకు పనున్నది" అంటాడు. ఒకరోజు కరెంటు పోయి బజారంతా చప్పుడు లేకుండా ఉంది. బ్యాటరీల మీద ఆ టేపు నడుస్తోంది. ఖాళీ వచ్చింది, గంట మోగడం మొదలైంది. నా ముఖం కనపడకుండా అటు తిరిగి, ఊరికే అడిగాను.

"కాకా, గంట వచ్చిందా?"

"ఇంకా రాలె" అన్నాడు.

గంట మోగుతూనే ఉంది. తిరిగి చూశాను. నా ముఖం చూడగానే ఆయనకు అర్థమైపోయింది. చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, గోడకున్న ఖాళీ రేడియో డబ్బాల వైపు చూస్తూ కూర్చున్నాడు. అటు చూస్తూనే చెప్పాడు. సన్నటి చప్పుళ్లన్నీ పోయి ఆరేళ్లయిందట. గంట, పిచ్చుకలు, ఫోన్ మోత, అన్నీ పోయాయి. మనుషుల మాటలు పెదవులు చూసి సగం, వినికిడి సగం. చెవి మిషన్ ఒకటి పెట్టి చూశాడట. "అన్ని చప్పుళ్లు ఒక్కతీరుగ ఒర్రుతయి బిడ్డా. ఏది దగ్గరిదో, ఏది దూరందో తెల్వదు" అని సొరుగులో పడేశాడు.

"ఎవరికన్న చెప్తివా, ఇగ దుకాణం బందే. చెవిటోని తాన రేడియో ఎవడిస్తడు చెప్పు?" అన్నాడు.

"నేనెందుకు చెప్త కాకా?"

"దుకాణం సంగతి ఒక్కటే గాదు. గీ పాట నాకు సగమే మిగిలింది. మిగిలిన సగం గీళ్లు చెప్తె వినబడ్తది. ఒకనికి మ్యాకపిల్ల, ఒకనికి కందిచేను. వాళ్లు చెప్తుంటే నాకు గంట మళ్ల మోగినట్టయితది. గందుకే అడుగుత, గందుకే రాస్త." అలా చెబుతూ నోటుబుక్కు మీద అరచేయి వేసి, బిడ్డ తల నిమిరినట్టు నిమిరాడు. అప్పటిదాకా అది ఆయన చాదస్తం అనుకున్న నా బుద్ధికి నేనే చెంపలేసుకోవాలి.

ఆ రోజు నుంచి ఆయనకు నేను చెవినయ్యాను. ప్రతి మిషన్‌కూ ఖాళీ ఖాళీగా ఉందా, గంట వచ్చిందా అని ఆయన అడగడం, నేను చెప్పడం. ఆయన స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ నా ముఖం చూసేవాడు. కంటితో విని పనిచేసే మెకానిక్కు ఈ భూమ్మీద ఇంకొకరు ఉంటారని నేననుకోను. మూడేళ్లు అలా గడిచాయి. ఆ మూడేళ్లలో నేనో పాడుపని కూడా మొదలుపెట్టాను, అప్పుడది పాడుపని అని తెలియలేదు. ఆయన్ని సంతోషపెట్టాలని మాటలు కల్పించి చెప్పేదాన్ని. నాకేమీ అనిపించని రోజు కూడా "వెన్నెల్ల వాగు దాటుతున్నట్టున్నది కాకా" అనేదాన్ని. ఆయన కళ్లు మెరిసేవి. రాసుకునేవాడు. ముసలాయన ముఖంలో వెలుగు చూస్తే నాకు పుణ్యం చేసినంత గర్వం.

ఇక ఆ గుడ్ ఫ్రైడే సంగతి. మా చర్చి ఆంప్లిఫయరు, రెండు హారన్లు పాడైతే, నేనే పాస్టరుగారికి చెప్పి కాక దగ్గరికి తెప్పించాను. గుడ్ ఫ్రైడే నాడు మాకు మూడు గంటల ఆరాధన. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చి చర్చి బయట షామియానాల కింద కూడా కూర్చుంటారు, ఆ హారన్లు లేకపోతే వాళ్లకు ఏమీ వినపడదు. కాకకు అప్పుడు నాలుగు రోజులుగా జ్వరం. దుప్పటి కప్పుకుని, వణుకుతున్న చేతులతో వైర్లు అతుకుతూనే ఉన్నాడు. గురువారం సాయంత్రం ఆంప్లిఫయరుకు టేపు తగిలించి ఆ క్యాసెట్ వేశాడు. ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో సన్నగా గుయ్యిమని మోత. తుమ్మెద ఒకటి డబ్బాలో ఇరుక్కున్నట్టు. నేను స్పష్టంగా విన్నాను.

"ఏమన్న ఉన్నదా బిడ్డా?" అని అడిగాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఉందంటే మళ్లీ అంతా విప్పాలి, తెల్లవారేదాకా కూర్చోవాలి.

"ఏం లేదు కాకా. సాఫ్‌గున్నది" అన్నాను. ముఖం కూడా అలాగే పెట్టాను. ఆయన నన్ను నమ్మి, దుప్పటి లాక్కుని అక్కడే ఒరిగిపోయాడు.

మరునాడు మూడు గంటలకు, ప్రభువు ప్రాణం విడిచిన ఘడియ అని పాస్టరుగారు అందరినీ తలలు వంచి మౌనంగా ఉండమన్నారు. అన్ని ఊళ్ల జనం, ఒక్క పసిపిల్ల ఏడుపు కూడా లేదు. ఆ మౌనంలో హారన్లు గుయ్యిమన్నాయి. మోత పెరిగింది, బర్రె అరిచినట్టయింది, చివరికి ఢామ్మని పేలి ఆంప్లిఫయరులోంచి పొగ వచ్చింది. ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని లేచారు. షామియానా కింద కుర్రకారు కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఒక మగగొంతు, అందరికీ వినపడేలా: "చెవిటోనికి ఇస్తే గింతే ఉంటది. నాకెరుకనే ఉండె." అంటే ఎవరో ఎప్పటి నుంచో కనిపెట్టే ఉన్నారన్నమాట. తలకొట్టేసినట్టయింది నాకు. బెంచీ కింద దూరిపోవాలనిపించింది. దూరిపోలేదు, అలాగని లేచి "తప్పు ఆయనది కాదు, నాది" అని కూడా అనలేదు. ఆ ఒక్క మాట అనకపోవడం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

రెండు రోజులు దుకాణం వైపు పోవడానికి ముఖం చెల్లలేదు. మూడోరోజు ఆయనే బూత్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఆనాడు నీకు మోత వినబడ్డదా?"

"వినబడ్డది కాకా."

"మరి ఎందుకు చెప్పలె?"

"నీకు జ్వరముండె..."

"జ్వరం నాకుండె. డబ్బాకు లేకుండె" అన్నాడు. "నేను నిన్ను జాలి అడిగిన్నా సువార్తా? చెవి అడిగిన" అన్నాడు.

తర్వాత నోటుబుక్కు నా ముందు పెట్టి, పెన్సిలు చేతికిచ్చాడు. అందులో నేను చెప్పినవాటిలో నిజంగా విన్నవి ఏవో, కల్పించినవి ఏవో తేల్చమన్నాడు. కల్పించినవి కొట్టేయమన్నాడు. ఒక్కొక్క పేజీ తిప్పుతూ కొట్టేశాను. వెన్నెల్లో వాగు కొట్టేశాను. మల్లెతోట కొట్టేశాను. ఆయన పక్కనే నిలబడి నా పెన్సిలునే చూస్తున్నాడు. ఒక్కో గీత పడుతుంటే ఆయన పాటలో ఒక్కో ముక్క రాలిపోవడం నాకు కనబడింది. నేనిచ్చిన సంతోషం అంతా ఆయన ముఖంలోంచి నేనే తుడిచేశాను. అమ్మ ఏడుపు దగ్గరికి వచ్చేసరికి నా చేయి ఆగింది. "గది?" అన్నాడు. "అది నిజం కాకా" అన్నాను. "గదొక్కటి నాకెరుకే" అని నోటుబుక్కు తీసుకుని వెళ్లిపోయాడు.

గిరాకీ తగ్గిపోయింది. నెల తిరక్కుండా సగమైంది. కొందరు మా కళ్లముందే రేడియో సంకలో పెట్టుకుని ఎదుటి వరసలో కొత్తగా వచ్చిన దుకాణానికి పోయేవారు. నేను ఆ ఏడాదే మిగిలిన సబ్జెక్టు గట్టెక్కి ఏఎన్ఎం ట్రైనింగుకు వెళ్లాను. వెళ్లేముందు చెప్పడానికి పోతే, "మంచిగ సదువు" అన్నాడు, అంతే. స్టూలు మీద కూర్చోమనలేదు.

ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది కంగ్టి మండలంలో ఒక తండాలో నాకు పరీక్ష ఎదురైంది. అప్పట్లో మాకు మిషన్లు లేవు, పొట్ట మీద ఆనించి చెవి పెట్టి వినే గొట్టం ఒకటే. నొప్పులు మొదలైన ఇరవై ఏళ్ల పిల్ల. విన్నాను. మళ్లీ విన్నాను. ఏమీ లేదు. ఇంటినిండా చుట్టాలు, అందరి కళ్లూ నా నోటి మీదే. "మంచిగుందను సిస్టర్, పిల్ల దడుసుకుంటది" అని నా చెవిలో గుసగుసలాడింది పురుడు పోసే దాయమ్మ. ఆ మాట అనడం ఎంత తేలికో నాకు తెలుసు. ఆ పిల్ల ఎండిన పెదవులు కూడా అచ్చం ఆనాటి కాక పెదవుల్లాగే ఉన్నాయి. కానీ "నాకు గుండె చప్పుడు వినబడ్తలేదు. జల్దీ జీపు తీయుండ్రి, పెద్ద దవాఖానకు పోవాలె" అన్నాను. శాపనార్థాలు పెట్టారు, నా నోట్లో మన్ను పడాలన్నారు. బిడ్డ దక్కలేదు. లోపల రక్తస్రావం అవుతోందట, ఇంకో గంట ఇంట్లోనే ఉంచితే తల్లి కూడా పోయేదని డాక్టరమ్మ చెప్పింది. ఆ తల్లి ఇప్పుడు ఇద్దరు పిల్లలతో సంతలో కనపడితే చేయి ఊపుతుంది.

ఆ సంగతి కాకకు చెప్పాలని ఎంతో అనుకున్నాను. ముఖం చెల్లక వాయిదా వేస్తూ పోయాను. ఏళ్లు దొర్లిపోయాయి. ఎస్టీడీ బూత్ మూతపడింది. జనం పాటలు సెల్‌ఫోన్లలో చిన్న కార్డులు వేసుకుని వినడం మొదలుపెట్టారు. కాక దుకాణం ఉన్నచోట మొబైళ్ల రీచార్జి పెట్టారు. రెండువేల పద్నాలుగు ఎండాకాలం మొదట్లో మీటింగుకు ఖేడ్ వచ్చినప్పుడు కాక భార్య శాంతమ్మ చిన్నమ్మ బస్టాండులో ఎదురై, "ఒక్కపారి వచ్చిపోరాదె, నిన్ను యాది చేస్తుండు" అంది. నిజంగా యాది చేశాడో, ఆమె మంచితనమో. వెళ్లాను.

ఆయనకు వినికిడి పూర్తిగా పోయింది. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి, పలకరింపులేవీ లేకుండా, మంచం పక్కనున్న స్టూలు చూపించాడు. అదే స్టూలు. పదేళ్ల తర్వాత మళ్లీ దాని మీద కూర్చున్నాను. ఒక పాత టేపురికార్డర్ ముందుకు జరిపి మీట నొక్కి, నా ముఖం మీద కళ్లు నిలిపాడు. గాలి వచ్చింది. ఆర్గాను వచ్చింది, మూలిగినట్టు, దుప్పటి కింద నుంచి వచ్చినట్టు. డ్రమ్ములు, గొంతులు, ఖాళీ. నేను ఎదురుచూశాను. గంట రాలేదు. టేపు సాగుతోంది, మళ్లీ ఆర్గాను మొదలైంది, గంట మాత్రం రానేలేదు.

"గంట వచ్చిందా?" అని అడిగాడు.

చిన్నమ్మ ఆయన వెనక నిలబడి, ఉందని చెప్పమని కళ్లతో సైగ చేసింది. చేతులు జోడించింది కూడా. ఆయన్ని చూస్తే ఎన్నాళ్లో ఉండడని తెలుస్తూనే ఉంది. ఉందంటే పోయేదేముంది? ఒక్క మాట. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మంచం మీదున్న నోటుబుక్కు తీసి, ఖాళీ పేజీలో పెద్ద అక్షరాలతో రాసి చూపించాను: 'గంట లేదు కాకా.'

ఆయన ఆ మూడు మాటల్నీ చాలాసేపు చదివాడు. చిన్నమ్మ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. తర్వాత కాక అన్నాడు: "ఎప్పటి సంది లేదో ఎవరికెరుక! మొన్న ఒకాయనొచ్చిండు, గంట మస్తుగున్నదన్నడు. మీ చిన్నమ్మ దినాం ఉన్నదనే చెప్తది. అందరు ఉన్నదన్నంక నేను ఎట్ల బాగుచేద్దు?"

అని, దిండు కింద నుంచి స్క్రూడ్రైవరు తీశాడు. టేపు వెనక్కి తిప్పమన్నాడు. మూత ఊడదీసి, హెడ్డు పక్కన చిన్న స్క్రూ మీద కొన ఆనించాడు. మీట నొక్కాను. ఖాళీ వచ్చింది. ఆయన చేయి ఎంత వణికినా కొన మాత్రం స్క్రూ మీద నుంచి జారలేదు. వెంట్రుకవాసి తిప్పి నా ముఖం చూశాడు. లేదన్నట్టు తలూపాను. మళ్లీ వెనక్కి, మళ్లీ ఖాళీ, ఇంకో వెంట్రుకవాసి. లేదు. ఇంకోసారి. ఎన్నిసార్లు తిప్పామో తెలియదు, చిన్నమ్మ గోడకు చేరగిలి కూర్చుంది. అప్పుడు వచ్చింది. దూరాన, సన్నగా, దుమ్ము దులిపినట్టు స్పష్టంగా. నేను నోరు తెరవకముందే ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టేశాడు.

"వచ్చింది గద?" అన్నాడు.

తలూపాను. ఏడుస్తూనే ఊపాను. ఆయన నవ్వాడు. ఇరుకు గదిలో ఆ పాట చివరిదాకా ముగ్గురం కూర్చున్నాం, ఇద్దరం వింటూ, ఒకరు మా ముఖాల్లోకి చూస్తూ. తండా పిల్ల సంగతి అప్పుడు రాసి చూపించాను. గుడ్ ఫ్రైడే నాడు లేచి నిలబడనందుకు క్షమించమని కూడా రాశాను. మొదటిది రెండుసార్లు చదివాడు. రెండోదానికి చేయి అడ్డంగా ఊపి, "పాత ముచ్చట" అన్నాడు. నేను బయల్దేరుతుంటే నోటుబుక్కు దగ్గరికి లాక్కుని ఏదో రాయడం చూశాను. ఏం రాస్తున్నాడో చూడబోతే అరచేయి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ వానాకాలంలోనే పోయాడు. పెద్దకర్మ నాడు చిన్నమ్మ ఆ నోటుబుక్కు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "నీకియ్యమన్నడు. నేను అబద్ధాలు చెప్తనట, నాకియ్యడట" అని ఏడుస్తూ నవ్వింది. అది ఇప్పుడు మా సబ్‌సెంటర్ బల్ల సొరుగులో, గర్భిణుల రిజిస్టర్ల కింద ఉంటుంది. మేకపిల్ల, కందిచేను, వెనక్కి పోయే ఊరు, కుదరని తాళం మీద తగవు, నేను కొట్టేసిన గీతలు, అన్నీ ఉన్నాయి. నిన్న ఆ అత్తాకోడళ్లు వెళ్లాక మిషన్ ఆపేసి, దాన్ని తీసి చివరి పేజీ చూశాను. పెన్సిలు అక్షరాలు వంకరటింకరగా, ఒక దాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి:

'సువార్త. గంట లేదన్నది. తర్వాత వచ్చిందన్నది. రెండూ నమ్మిన.'